ఆరున్నొక్క వేలు

సోమవారం పొద్దున్న వరహాలు మూడు పనులు పెట్టుకున్నాడు. గెడ్డం గీయించుకోవడం, బ్యాంకుకెళ్లి డబ్బు తీయడం, ఆ డబ్బు పట్నంలోని పాత ఊళ్లో పళ్ల డాక్టరుకి ఇచ్చి కట్టుడు పళ్లకి కొలతలివ్వడం. మధ్యాహ్నం భోజనం వేళకి ఇంట్లో ఉండాలి. డెబ్బై రెండేళ్ల మనిషి పూటకి మూడు పనులకి మించి పెట్టుకుంటే ఏదో ఒకటి ఇంకొకడికి అప్పజెప్పాల్సి వస్తుందని, అప్పజెప్పిన పని చెడకుండా తిరిగి రాదని అతని నమ్మకం. అది రెండువేల నాలుగో సంవత్సరం. అప్పటికి అతను ఎవరికీ ఏ పనీ అప్పజెప్పలేదు.

మల్కాపురంలో వరహాలును ఎరగనివాళ్లు తక్కువ. ముప్పై ఆరేళ్లు పోర్టులో ఓడల్లోంచి దిగే బస్తాలు లెక్కపెట్టాడు. చదువు పరవాడ పక్క పల్లెలో మూడో తరగతి. ఆ మూడు తరగతులూ మాస్టారి కంటే మాస్టారి చింతబరికే ఎక్కువ చెప్పింది. లెక్క మాత్రం తండ్రి దగ్గర, కళ్లంలో, కుంచం పట్టుకుని నేర్చుకున్నాడు. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు. ఆరు తర్వాత వచ్చే అంకెని పేరు పెట్టి పిలవరు. అది ఏడుపు మాట. ఆరున్నొక్కటి అంటారు. గాదె ఖాళీ అయితే ఖాళీ అనరు, నిండుకుంది అంటారు. ధాన్యానికి చెవులుంటాయని తండ్రి చెప్పాడు. వరహాలు నమ్మాడో లేదో గానీ అతని నాలుక ఆ దారినే పడింది.

పోర్టులోనూ అలాగే లెక్కపెట్టాడు. ఒక గ్రీకు ఓడ అధికారి పద్దెనిమిది రోజులు అతని పక్కన నిలబడి, వెళ్లేటప్పుడు మెట్ల మీద అడుగులు కూడా లాభంతోనే మొదలుపెట్టాడని పోర్టులో చాలాకాలం చెప్పుకున్నారు. ముప్పై ఆరేళ్లలో ఒక్క బస్తా తేడా రాలేదు. ఈ సంగతి వరహాలు తన నోటితో ఎవరికీ చెప్పుకోడు. ఇంకొకళ్లు చెప్పకుండా ఊరుకుంటే మాత్రం గుర్తుపెట్టుకుంటాడు.

భార్య దేముడమ్మ పోయి ఆరేళ్లయింది. అప్పటినుంచి అతను పలకడం ఇంకా తగ్గించాడు. కొడుకు అప్పలరాజు ఉక్కు ఫ్యాక్టరీలో క్రేను నడుపుతాడు. కోడలు ఈశ్వరి ఇల్లు నడుపుతుంది. వరహాలు తన ఖాతా తాను నడుపుకుంటాడు. పాసుపుస్తకం ట్రంకుపెట్టెలో, తాళం మొలతాడుకి. బ్యాంకు పుస్తకంలో తన పేరు కూడా ఎక్కించమని కొడుకు మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ "బతికే ఉన్నాన్రా" అన్న జవాబే వచ్చింది.

చిక్కంతా పళ్ల డాక్టరు దగ్గర మొదలైంది. రెండు దవడలకీ కలిపి ఏడు వేలన్నాడు. తగ్గించమంటే తగ్గించలేదు. పోనీ అంకె మంచిది కాదు, ఎనిమిది చెయ్యమని వరహాలే అన్నాడు. ఆ మాటకి డాక్టరు వెంటనే ఒప్పుకున్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నవాణ్ణి చూసి, ఒక మాట తప్పించడానికి వెయ్యి రూపాయలు ఎక్కువని వరహాలు వెనక్కి తగ్గాడు.

బ్యాంకులో చీటీ మీద అంకెల్లో 7000 వేశాడు. అంకెకి నోరుండదు కాబట్టి దాంతో పేచీ లేదు. అక్షరాల్లో రాయాల్సిన గీత దగ్గర చెయ్యి ఆగింది. తన డబ్బు మీద తన చేత్తో ఆ మాట ఎలా రాస్తాడు? ఇన్నేళ్లూ ఆరో, ఎనిమిదో తీసుకుంటూ వచ్చాడు గానీ ఈ గండం ఎప్పుడూ రాలేదు. రెండు నిమిషాలు ఆలోచించి, గుండ్రటి అక్షరాలతో "ఆరున్నొక్క వేల రూపాయలు మాత్రమే" అని రాసి, కింద తోక సంతకం పెట్టాడు.

కౌంటర్లో అమ్మాయి చీటీని అటు తిప్పి ఇటు తిప్పి, లోపల గదిలో ఆఫీసరు దగ్గరికి పంపింది. ఆఫీసరు హైదరాబాదు నుంచి వచ్చి రెండు నెలలైంది. ఇరవై ఆరేళ్ల వాడు, మర్యాదస్తుడు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఉత్తరం ఒకటి అతని బల్ల అద్దం కింద ఉంది. వయసు మళ్లిన ఖాతాదారులు మోసపోతున్నారనీ, వాళ్లకి తమ డబ్బు చూసుకునే తెలివి ఉందో లేదో కనిపెట్టి ఉండాలనీ, అనుమానం వస్తే డాక్టరు సర్టిఫికెట్ లేకుండా పైసా ఇవ్వొద్దనీ దాని సారాంశం. ఆఫీసరు ఉత్తరాలని పూర్తిగా చదివే రకం.

"తాతగారూ, ఇది ఆరు వేలా, వెయ్యా?" అన్నాడు చీటీ చూపించి.

"రెండూను."

"రెండూ కలిపితే ఎంతండీ?"

"రాసినంత."

ఆఫీసరు సొరుగులోంచి పది వంద నోట్లు తీసి, కాస్త లెక్కపెట్టి పెట్టమన్నాడు. పోర్టు మొత్తం తలవంచిన లెక్క అది. వరహాలు వేలు తడి చేసుకుని మొదలుపెట్టాడు. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొక్కటి, ఎనిమిది. పది దగ్గర ఆపి, నోట్ల అంచులు సర్ది, వెనక్కి తోశాడు. ఆఫీసరు చాలా మెత్తగా, చిన్నపిల్లాణ్ణి అడిగినట్టు, ఒకటి ఎక్కడికి పోయిందని అడిగాడు. లాభంలో ఉందని వరహాలు చెప్పాడు. మరి ఏడో అంటే, వరహాలు తలెత్తి చూశాడు.

"బేంకులో కూకుని ఆ మాటేటి బాబూ."

ఆఫీసరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఇంకెక్కడైనా డబ్బుందా అని అడిగాడు. పోస్టాఫీసులో ఉండేదని, అది నిండుకుందని వరహాలు చెప్పాడు. నిండేంత డబ్బు ఎంతో చెప్పమని ఆఫీసరు అడిగితే, చెప్పాను కదా నిండుకుందని అన్నాడు. పోస్టాఫీసులో పెద్ద మొత్తం ఉంది, ఎంతో తెలియదు అని ఆఫీసరు రాసుకున్నాడు. తర్వాత వెంట ఎవరొచ్చారని అడిగాడు. ఎవరూ రాలేదు. పోనీ ఇంటావిడ ఎక్కడున్నారని అడిగాడు.

వరహాలు కిటికీలోంచి బయటికి చూశాడు. "ముందెల్లింది," అన్నాడు.

"ఎక్కడికండీ?"

"సోటు ఆపుతాదని."

ఆఫీసరు వెంటనే అటెండరుని బయటికి పంపాడు. కాగితాల్లో పేరు చూసి, దేముడమ్మగారు ఎక్కడ చోటు ఆపి కూర్చున్నారో కనుక్కుని లోపలికి తీసుకురమ్మన్నాడు. అటెండరు బస్టాపు దాకా వెళ్లొచ్చి, బయట ముగ్గురు ముసలమ్మలున్నారు, ముగ్గురిలో ఎవరూ దేముడమ్మ కాదు, పింఛనీ ఇచ్చేమాటైతే ఒకామె అవుతానంటోందని చెప్పాడు. దాంతో ఆఫీసరు కంగారుపడి, ఖాతా కాగితాల్లో ఉన్న కొడుకు నంబరుకి ఫోను చేశాడు.

అప్పలరాజు అప్పుడు క్రేనులో, నేలకి ఎనభై అడుగుల ఎత్తున ఉన్నాడు. మీ అమ్మగారు నాన్నగారికి చోటు ఆపడానికి ముందు వెళ్లారట, ఎక్కడికి వెళ్లుంటారని ఎవరో ఫోనులో అడుగుతున్నారు. అతను క్రేను ఆపి, నిచ్చెన దిగి, ముప్పావుగంటలో స్కూటరు మీద బ్యాంకు ముందున్నాడు. తండ్రి కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. ముందు టీ చల్లారిపోయి ఉంది. అది తాగితే ఏదో ఒప్పుకున్నట్టవుతుందని వరహాలు ముట్టుకోలేదు.

ఆఫీసరు అప్పలరాజుకి విషయమంతా చెప్పి, ఉత్తరం చూపించాడు. డాక్టరు సర్టిఫికెట్ వచ్చేదాకా ఖాతా ఆపుతున్నానన్నాడు. పెద్దాయన తన డబ్బు తాను చూసుకోగలడని డాక్టరు రాస్తే మంచిదే. లేదని రాస్తే, ఇకమీదట కొడుకు సంతకం మీద నడుస్తుందన్నాడు.

అప్పలరాజు చెడ్డవాడు కాదు. అతనికున్నది జబ్బు. ఏ కాగితం మీదైనా రెట్టింపు అన్న మాట కనిపిస్తే ఇక కింద ఏం రాసుందో కనిపించదు. ఆ వారం అతని జేబులో కుందేళ్ల కాగితం ఉంది. నలభై వేలు కడితే కంపెనీవాళ్లు కుందేళ్లని పెంచుతారు, అవి పిల్లల్ని పెడతాయి, ఏడాదికి డబ్బు రెట్టింపు. గడువు బుధవారం సాయంత్రం. తండ్రి ఖాతాలో అరవై రెండు వేలున్నాయి. తండ్రిని మోసం చెయ్యాలని అతను కలలో కూడా అనుకోలేదు. మతి తప్పిన మనిషి డబ్బు బ్యాంకులో కంటే కుందేళ్లలో భద్రంగా ఉంటుందని మాత్రం అనుకున్నాడు.

ఇల్లు చేరేసరికి వరహాలు రోగి అయిపోయాడు. ఈశ్వరి అగ్గిపెట్టె ఎత్తి పెట్టింది. కిరసనాయిలు డబ్బా పెరట్లోకి పోయింది. మధ్యాహ్నం కంచంలో చేపముక్కని ముల్లు తీసి పెట్టింది. వరహాలు ఆ ముక్క వంక చాలాసేపు చూశాడు. పళ్లు లేకపోయినా నాలుకతో ముల్లుని విడదీసి కంచం అంచున పెట్టగల మనిషి అతను. బ్యాంకు చేసిన అవమానం ఒక ఎత్తు, ముల్లు లేని చేప ఒక ఎత్తు. చారు పోసుకుని తిని లేచాడు. ఈశ్వరి పెట్టె తాళం తన దగ్గర ఉంచుతానంది. మొలతాడుకున్న తాళం రావాలంటే దాంతో తాను కూడా రావాలన్నాడు వరహాలు.

ఊరి నోటికి మూకుడు లేదు. సోమవారం సాయంత్రానికి వీధిలో అతను ఒకటి, ఏడు మర్చిపోయాడు. టీ కొట్టు దగ్గరకొచ్చేసరికి అంకెలన్నీ మర్చిపోయాడు. రిఫైనరీ గేటు దగ్గరికి చేరేసరికి, చచ్చిపోయిన పెళ్లాం బ్యాంకు దగ్గర కూర్చుని ఉందన్నాడు. మంగళవారం పొద్దుటికి ఆమె కూర్చున్నది నిజమే, అటెండరు చూశాడు అన్నారు. పక్కింటి చిట్టమ్మ తెల్లారగానే పరీక్షకి వచ్చి, గుమ్మంలో నిలబడి గట్టిగా, చెవిటివాడితో మాట్లాడినట్టు అడిగింది.

"వరహాలు మావా, నానెవుర్నో సెప్పు."

"మా పుంజుని కోసీసి, కుక్క ఎత్తుకెల్లిపోనాదని సెప్పినదానివి."

చిట్టమ్మ బయటికొచ్చి, పాపం మనిషి పూర్తిగా పోయాడని వీధికి చెప్పింది.

మధ్యాహ్నం బస్సులో తగరపువలస నుంచి తాతబాబు దిగాడు. దేముడమ్మ తమ్ముడు. అక్కడికి చేరిన కబురు ఏ రూపంలో ఉందో గానీ, అతని సంచిలో అరడజను ఆపిల్‌పళ్లు, మంత్రించిన నిమ్మకాయ, వేపమండ ఉన్నాయి. నిమ్మకాయని వరహాలు తల చుట్టూ తిప్పి, పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, ఇంట్లోవాళ్లు వినకూడనట్టు అడిగాడు.

"బావా, అక్క ఏటన్నాది?"

"నీకూ సోటు ఆపినానన్నాది," అన్నాడు వరహాలు.

తాతబాబు ముఖం పాలిపోయింది. ఆపిల్‌పళ్లు అక్కడే వదిలేసి, తర్వాతి బస్సుకే వెళ్లిపోయాడు. వరహాలు ఒక పండు తీసుకుని, కొరకలేక, మళ్లీ సంచిలో పెట్టాడు. ఇంట్లో అందరూ కలిసి అతని పళ్ల సంగతి మర్చిపోయారు. జరిగిందంతా ఏ పళ్ల కోసం మొదలైందో ఒక్కరు కూడా అడగలేదు. అడగనివాళ్ల పేర్లు అతను వరసగా గుర్తుపెట్టుకున్నాడు.

బుధవారం పొద్దున్న వరహాలు, కొడుకు, కోడలు ముగ్గురూ ఆటోలో పాత ఊరు వెళ్లారు. ముసలివాళ్ల మతికి పరీక్ష చేసి కాగితం ఇచ్చే డాక్టరు మెహరున్నీసా పేరు ఆఫీసరే చెప్పాడు. దారిలో అప్పలరాజు తండ్రికి ధైర్యం చెప్పాడు. "బయపడకు నాన్నా, రాకపోతే రాలేదని సెప్పీ. అంతా నాను సూసుకుంతాను," అన్నాడు. వరహాలు రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. సంతకం పోతే తనకి మిగిలేది పేరు. ఆ పేరు చిట్టమ్మ లాంటివాళ్ల నోట్లో ఉంది.

డాక్టరమ్మకి యాభై ఏళ్లుంటాయి. తెల్ల జుట్టు, సన్నటి కళ్లద్దాలు, తొందర లేని మనిషి. తారీఖు, వారం, ఊరు అడిగింది. వరహాలు చెప్పాడు. తర్వాత వందలోంచి ఏడు తీసేసి, వచ్చినదాంట్లోంచి మళ్లీ ఏడు తీసేస్తూ చెప్పుకుంటూ పొమ్మంది. వరహాలు గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నాడు. అప్పలరాజు భార్య వంక చూసి తల ఆడించాడు. అతని చెయ్యి జేబులో కుందేళ్ల కాగితం మీద ఉంది.

"ఏటి తియ్యాలమ్మా? డబ్బా, బస్తాలా?" అన్నాడు వరహాలు చివరికి.

"మీ ఇష్టం."

"బస్తాలు."

కళ్లు సగం మూశాడు. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది. డెబ్బై రెండు, అరవై ఐదు, యాభై ఎనిమిది. డాక్టరమ్మ చాలన్నట్టు చెయ్యెత్తింది. అతను చూడలేదు. పోర్టులో ఓడ సగం దిగాక ఎవరూ ఆపరు. యాభై ఒకటి, నలభై నాలుగు, ముప్పయ్యారున్నొక్కటి, ముప్పై. ఇరవై మూడు, పదహారు, తొమ్మిది, రెండు. కళ్లు తెరిచి, రెండు బస్తాలు మిగిలాయని, అవి ఏ బండికీ ఎక్కవని, వేరే రాయించమని చెప్పాడు. అంతసేపట్లో ఎక్కడా గొంతు తడబడలేదు.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. ముప్పయ్యారున్నొక్కటి అన్నచోట ఆమె పెదవి కాస్త వంగింది. "మొదటి బస్తాని ఏమంటారు?" అని అడిగింది.

"లాభం."

"మా తాతకి పూర్ణా మార్కెట్లో మిరపకాయల కొట్టుండేది," అంది డాక్టరమ్మ. "తెలుగులో కొలిస్తే లాభం అనేవాడు. ఉర్దూలో కొలిస్తే బర్కత్. బర్కత్, దో, తీన్. ఆయనకి ఒకటి రాదని ఎవరూ అనలేదు."

వరహాలు మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలాడు. ఆఫీసరు తన అనుమానాలు రాసి పంపిన బ్యాంకు కాగితం చూస్తూ ఆమె ఒక్కో గీతా కొట్టేసింది. పోస్టాఫీసు నిండుకోవడమంటే ఏమిటో ఆమెకి చెప్పనక్కర్లేకపోయింది. ఒక్క గీత దగ్గర మాత్రం ఆగింది. "ఆవిడ ముందు వెళ్లారని చెప్పారట," అంది, ప్రశ్నలా కాకుండా.

వరహాలు చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "పోనాదమ్మా. ఆరేళ్లయింది. ఆ మాట అన్నపుడల్లా ఇంకోపాలి పోతాది. బేంకోడు అడిగేడని మల్లీ పంపమంటావా?"

డాక్టరమ్మ ఏమీ రాయకుండా ఆ గీత కూడా కొట్టేసింది. ఈశ్వరి ముఖం పక్కకి తిప్పుకుంది. తర్వాత డాక్టరమ్మ ఆఖరి ప్రశ్న ఒకటుందని, ఇది లెక్కకి కాదు, వివేకానికని చెప్పింది.

"ముక్కూ ముఖం తెలియనివాడు మీ ఇంటికొచ్చాడు. డబ్బిస్తే రెట్టింపు చేస్తానన్నాడు. అప్పుడు మీరేం..."

"ఎన్ని నెలల్లో అండీ?" అన్నాడు అప్పలరాజు.

మాట నోరు దాటాక వెనక్కి తీసుకునే క్రేను ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. డాక్టరమ్మ కళ్లద్దాల మీదనుంచి అతని వంక చూసింది. చూసి, కాగితం రెండో పేజీ తిప్పింది. ఖాతాదారు చూసుకోలేకపోతే ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తుందో, ఆ మనిషిని కూడా పరీక్షించాలని ఆ పేజీ చెబుతోంది. ఇన్నేళ్లలో ఆ పేజీ నింపే అవసరం రాలేదట. అప్పలరాజుని కుర్చీ దగ్గరికి లాక్కోమంది.

వందలోంచి ఏడు తీస్తే తొంభై మూడని అప్పలరాజు చెప్పాడు. తర్వాత ఎనభై ఏడన్నాడు, కాదన్నాడు, ఎనభై అయిదన్నాడు, ఫోనులో లెక్కలు చేసే మిషనుందని బయటికి తీశాడు. నెలకి కరెంటు బిల్లెంతో ఈశ్వరికి తెలుసన్నాడు. బియ్యం ధర ఈశ్వరికే తెలుసన్నాడు. తన జీతంలో చేతికెంతొస్తుందో కూడా ఈశ్వరినే అడగమన్నాడు. అంతకుముందు ఎక్కడైనా డబ్బు పెట్టారా అని డాక్టరమ్మ అడిగితే, అతను నేల చూశాడు. ఈశ్వరి చెప్పింది. టేకు చెట్ల స్కీమని, ముప్పై వేలని, అది మావయ్య పోస్టాఫీసు డబ్బని.

వరహాలు ఆ సంగతి బ్యాంకులో చెప్పలేదు. ఊళ్లో చెప్పలేదు. బావమరిదికీ చెప్పలేదు. కొడుకు బుద్ధితక్కువని నలుగురిలో అనడం కంటే, పోస్టాఫీసు నిండుకుందనడం అతనికి తేలిక. క్షమించాడని మాత్రం ఎవరూ అనుకోకూడదు.

"టేకు చెట్లు ఎక్కడున్నాయి?" అంది డాక్టరమ్మ.

"ఫోటోలో అండీ," అన్నాడు అప్పలరాజు.

ఆమె రెండు పేజీలూ నింపి, సంతకం చేసి, ముద్ర వేసింది. ఇద్దరిని పరీక్షించినందుకు రెండు ఫీజులయ్యాయి. అప్పలరాజు జేబులో కుందేళ్ల కాగితం తప్ప ఇంకేం లేదు. వరహాలు చొక్కా లోపలి జేబులోంచి డబ్బు తీసి ఇద్దరిదీ కట్టాడు. కొడుకుది విడిగా రసీదు రాయించుకున్నాడు.

అక్కడినుంచి అదే ఆటోలో బ్యాంకుకి వచ్చారు. ఆఫీసరు మొదటి పేజీ చదివాడు. వరహాలు తన డబ్బు తాను పూర్తిగా చూసుకోగలడని, పరీక్షించినవారికంటే వేగంగా లెక్క చేయగలడని, ఆరున్నొక్కటి అనగా ఏడు అని, దానికి వేరే సర్టిఫికెట్ అక్కర్లేదని ఉంది. ఆఫీసరు లేచి నిలబడి, పొరపాటైందని చెప్పాడు. వరహాలు పొరపాటుని కాదనలేదు. పళ్ల డబ్బు అడిగాడు. ఆఫీసరు తానే క్యాషు దగ్గరికి వెళ్లి నోట్లు తెచ్చి, పెదవులు కదపకుండా లెక్కపెట్టి ఇచ్చాడు.

అంతటితో అయిపోవాల్సింది. కానీ ఆఫీసరు రెండో పేజీ కూడా చదివాడు. పెద్ద మొత్తాల విషయంలో ఈ మనిషిని ఒంటరిగా వదలకపోవడం మంచిదని అక్కడ రాసి ఉంది. అప్పలరాజు జీతం పడేది ఆ బ్యాంకులోనే. ఆఫీసరు అద్దం కింద ఉత్తరం మళ్లీ తీసి చూశాడు. వయసు మళ్లినవాళ్లన్న మాట మొదటి వాక్యంలోనే ఉంది. తర్వాత వాక్యాలన్నిటిలో ఖాతాదారు అని మాత్రమే ఉంది. అతను ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి చూపించి, చాలా మర్యాదగా, అప్పలరాజు ఖాతా ఆపుతున్నానన్నాడు. ఇకనుంచి వెయ్యి దాటి తీయాలంటే ఇంట్లో నమ్మకమైన మనిషి ఎవరైనా పక్కన సంతకం పెట్టాలన్నాడు.

అప్పలరాజు భార్య వంక చూశాడు. సంతకం అంటే ఈశ్వరిదే అవుతుందని, ఈశ్వరితో ఎలాగో నెట్టుకు రావచ్చని అతని ముఖంలో ఆశ కనిపించింది.

"సంతకం మావయ్య ఎడతారు," అంది ఈశ్వరి.

ఆఫీసరు కార్డు వరహాలు ముందుకి జరిపాడు. వరహాలు కళ్లజోడు తుడుచుకుని ఆ కార్డంతా చదివాడు. వెనకవైపు కూడా చదివాడు. కొడుకు పేరు అచ్చుతప్పు లేకుండా ఉందో లేదో చూశాడు. మూడో తరగతిలో బరికె దెబ్బలు తిని నేర్చుకున్న అక్షరాలు, ముప్పై ఆరేళ్లు ఓడల కాగితాల మీద నిలబడ్డ అక్షరాలు, ఒక్కోటీ గుండ్రంగా పెట్టి, చివర తోకని కార్డు అంచుదాకా లాగాడు. క్యాషు కౌంటర్లో అమ్మాయి అంత పెద్ద తోక ఎప్పుడూ చూడలేదంది. ఓడ దింపిన రోజు ఇంకా పెద్దది పెట్టేవాణ్ణని వరహాలు చెప్పాడు. తన గురించి తాను చెప్పుకున్న మాట, ఈశ్వరి ఎరిగినంతలో, అదొక్కటే.

ఆ సాయంత్రం కుందేళ్ల ఏజెంటు మోటారు సైకిలు మీద వచ్చాడు. డబ్బు కట్టాలంటే ఎవరి సంతకం కావాలో అప్పలరాజు చెప్పాడు. ఏజెంటు లోపలికి తొంగి చూశాడు. వరహాలు కుర్చీలో కూర్చుని, కుందేలు ఒక ఈతకి ఎన్ని పిల్లల్ని పెడుతుంది, వాటిలో ఎన్ని చస్తాయి, తిండికి ఎంతవుతుంది, మొదటినుంచి వివరంగా చెప్పమన్నాడు. ఏజెంటు గుమ్మం దగ్గరే విప్పిన చెప్పులు మళ్లీ వేసుకుని, ఇంకో ఇంట్లో పనుందని వెళ్లాడు. అతన్ని ఆ తర్వాత మల్కాపురంలో ఎవరూ చూడలేదు.

నెలాఖరున అప్పలరాజు జీతం చీటీ తెచ్చి తండ్రి ముందు పెట్టి నిలబడ్డాడు. వరహాలు ఒక్కో ఖర్చు అడిగాడు. ఇంటికీ, పిల్లల ఫీజులకీ ఎంతైనా సంతకం పెట్టాడు. స్కూటరు పెట్రోలు దగ్గర ఆగి, ఫ్యాక్టరీ బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగాడు. మైలున్నర దూరమని కొడుకు చెప్పాడు. నడవడానికి మంచి దూరమని తండ్రి ఆ ఖర్చు కొట్టేశాడు.

ఆర్నెల్లు తిరిగేసరికి అప్పలరాజు పొట్ట పూర్తిగా తగ్గిపోయింది. దానికి మాత్రం సర్టిఫికెట్ ఎవరూ అడగలేదు.